కాన్సస్ టాల్‌గ్రాస్ ప్రెయిరీ: చూడబోయే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర అమెరికాలో ప్రెయిరీలు, దక్షిణ అమెరికాలో పంపాలు, యురేషియాలో స్టెప్పీలు. బడిలో సాంఘిక శాస్త్రంలో మనమంతా వల్లె వేసిన పాఠమే ఇది. ఆ పాఠంలోని ప్రెయిరీ చాలావరకు ఇప్పుడు లేదు. దున్నని, విత్తని, అసలు సిసలు పొడుగు గడ్డి ప్రెయిరీని కళ్లారా చూడాలంటే మిగిలిన చోట్లు చాలా కొద్ది. వాటిలో పెద్దది కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్. అక్కడి టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్‌కూ, దాని విజిటర్ సెంటర్‌కూ వెళ్లే తెలుగు కుటుంబాల కోసం ఈ జవాబులు.

ఇంతకీ ఇది ఏమిటి? నేషనల్ పార్కేనా?

నేషనల్ పార్క్ సర్వీస్ నడిపే స్థలమే, అయితే పేరు 'నేషనల్ ప్రిజర్వ్'. 1996 నవంబరు 12న ఏర్పడింది. విస్తీర్ణం 10,894 ఎకరాలు. ఇందులో ఒక విశేషం ఉంది. కేంద్ర ప్రభుత్వం ఇక్కడ 180 ఎకరాలకు మించి సొంతం చేసుకోకూడదని చట్టంలోనే రాశారు. భూమంతా ప్రభుత్వం చేతిలోకి పోతుందని స్థానిక రైతులు, పశువుల పెంపకందారులు భయపడటంతో కుదిరిన రాజీ అది. మిగతా భూమి దాదాపు అంతా 'ద నేచర్ కన్జర్వెన్సీ' అనే లాభాపేక్ష లేని సంస్థది. పార్క్ సర్వీస్, ఆ సంస్థ కలిసి నిర్వహిస్తాయి.

చూడ్డానికి అక్కడ ఏముంది? గడ్డేగా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. కారులోంచి చూస్తే నిజంగానే గడ్డే కనిపిస్తుంది. దిగి పది నిమిషాలు నడిస్తే ఒక్కో అడుగులో పది పదిహేను రకాల మొక్కలు తగులుతాయి. ఈ ప్రిజర్వ్‌లో 500కు పైగా రకాల మొక్కలు, సుమారు 150 రకాల పక్షులు ఉన్నాయి.

అసలు సంగతి మన కాళ్ల కింద ఉంది. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి పైకి ఆరేడు అడుగులు లేస్తే, దాని వేళ్లు కిందికి పది అడుగుల దాకా దిగుతాయి. కంపాస్ ప్లాంట్ అనే పసుపు పూల మొక్క వేరు పదిహేను అడుగులు కూడా పోతుంది. ఈ నేలలో బతికే పదార్థంలో ఎక్కువ భాగం మట్టిలోనే దాగి ఉంటుంది. అడవిని తలకిందులు చేసి పాతిపెట్టారనుకోండి, అలాంటిదే ఇది. విజిటర్ సెంటర్‌లో ముందుగా ఈ వేళ్ల సంగతి అర్థం చేసుకుని బయట అడుగుపెడితే, తర్వాత కనిపించే ప్రతిదీ వేరుగా కనిపిస్తుంది. నేరుగా ట్రైల్ (నడక దారి) మీదికి పోయినవాళ్లే 'ఏమీ లేదు' అని తిరిగి వస్తారు.

మిగతా ప్రెయిరీ ఎటు పోయింది? ఇక్కడే ఎందుకు మిగిలింది?

ఒకప్పుడు కెనడా నుంచి టెక్సస్ దాకా 17 కోట్ల ఎకరాల పొడుగు గడ్డి ఉండేది. ఇప్పుడు మిగిలింది నాలుగు శాతం లోపే, అందులో ఎక్కువ భాగం ఫ్లింట్ హిల్స్‌లోనే. వేల ఏళ్లుగా గడ్డి వేళ్లు కుళ్లి తయారైన నల్లమట్టి ప్రపంచంలోకెల్లా సారవంతమైన నేలల్లో ఒకటి. ఆ సారమే దానికి శత్రువైంది. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి తయారు చేశాక, జిగురు మట్టి కర్రుకు అంటుకోవడం తగ్గింది. ఆ తర్వాత ఒక మనిషి జీవితకాలంలోనే అయోవా, ఇల్లినాయ్ ప్రెయిరీలు మొక్కజొన్న చేలైపోయాయి.

ఫ్లింట్ హిల్స్‌ను కాపాడింది రాయి. పర్మియన్ యుగంలో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపురాయి పొరల్లో చెకుముకి రాయి గడ్డలు గడ్డలుగా ఉంటుంది. సున్నపురాయి అరిగిపోతుంది, చెకుముకి అరగదు. అందుకే పైమట్టి పలుచన, దాని నిండా పదునైన రాళ్లు. నాగలి దిగదు. 1806లో ఈ దారిన వచ్చిన అమెరికా సైన్యాధికారి జెబులన్ పైక్ ఈ కొండలకు 'ఫ్లింట్ హిల్స్' అని రాసుకున్నాడు. ఫ్లింట్ అంటే చెకుముకి రాయే. దున్నడానికి పనికిరాని నేల పశువుల మేతకు మాత్రం బంగారం. అలా గడ్డి గడ్డిగానే మిగిలింది.

అంతకు ముందు ఈ నేల కా, ఒసేజ్ అనే ఆదివాసీ ప్రజలది. కాన్సస్ అన్న పేరే కా ప్రజల నుంచి వచ్చింది. వాళ్లను 1873లో ఇక్కడి నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. ప్రిజర్వ్ చరిత్రలో ఈ భాగాన్ని దాటేసి చదవకండి.

ఎలా వెళ్లాలి? టికెట్ ఎంత?

ప్రవేశ రుసుము లేదు. పాస్ కూడా అక్కర్లేదు. స్ట్రాంగ్ సిటీ అనే చిన్న ఊరికి ఉత్తరాన రెండు మైళ్లలో, 177వ నంబరు రాష్ట్ర రహదారి మీద ఉంది.

కాన్సస్ సిటీ, ఓవర్‌ల్యాండ్ పార్క్ వైపు నుంచి ఐ-35 మీద ఎంపోరియా దాకా వచ్చి, అక్కడ యూఎస్-50 పట్టుకుని పడమరగా సుమారు ఇరవై మైళ్లు వస్తే స్ట్రాంగ్ సిటీ. మొత్తం రెండు గంటలు. విచిటా నుంచి గంటన్నర లోపే. విచిటా నుంచి వచ్చేవాళ్లు టర్న్‌పైక్‌ను (టోల్ రోడ్డును) కాసొడే దగ్గర వదిలి 177 మీద రండి. కాసొడే నుంచి కౌన్సిల్ గ్రోవ్ దాకా ఆ 47 మైళ్ల రోడ్డు ఫ్లింట్ హిల్స్ సీనిక్ బైవే. ప్రయాణమే సగం యాత్ర అవుతుంది. టర్న్‌పైక్ మీద టోల్ బూత్‌లు ఇప్పుడు లేవు. ట్యాగ్ లేకపోతే బండి నంబరు చూసి బిల్లు ఇంటికి పంపుతారు. డల్లాస్ నుంచి ఆరున్నర గంటల ప్రయాణం కాబట్టి ఎంపోరియాలో ఒక రాత్రి ఆగడం మంచిది. ప్రిజర్వ్‌లో గుడారం వేసుకునే వీలు లేదు.

పెట్రోలు ముందే నింపుకోండి. లోపల మారుమూల ఫోన్ సిగ్నల్ దొరకదు, మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

విజిటర్ సెంటర్‌లో ఏముంటుంది? ఎంతసేపు పడుతుంది?

ప్రదర్శనలు, ఒక చిన్న పరిచయ చిత్రం, పుస్తకాల కొట్టు, మరుగుదొడ్లు, రేంజర్లు కూర్చునే బల్ల. నిదానంగా చూస్తే ముప్పావు గంట. సాధారణంగా సాయంత్రం నాలుగున్నరకు మూసేస్తారు. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో సెలవు. ట్రైల్స్ మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటాయి. చాలామంది చేసే పొరపాటు మధ్యాహ్నం మూడున్నరకు చేరడం. లోపల హడావిడి, బయట ఎండ, రెండూ దక్కవు. వేసవిలో ఉదయం ఏడుకల్లా ట్రైల్ మీద ఉండి, ఎండెక్కాక లోపలికి రండి.

రేంజర్‌ను తప్పకుండా అడగాల్సినవి మూడు: ఈ రోజు బైసన్లు (ఇక్కడ మందగా మేసే భారీ అడవి పశువులు) ఏ వైపు ఉన్నాయి, ఏ ట్రైల్ అయినా మూశారా, ఏ పూలు విచ్చుకున్నాయి.

పక్కనే పాత పశువుల క్షేత్రం ఉంది. స్టీఫెన్ జోన్స్ అనే పశువుల వ్యాపారి 1881లో స్థానిక సున్నపురాయితో కట్టించిన పదకొండు గదుల ఇల్లు, మూడంతస్తుల రాతి కొట్టం. కొట్టం లోపలికి వెళ్లి చూడండి. ఆ రోజుల్లో పశువుల వ్యాపారం ఏ స్థాయిలో నడిచిందో మాటల్లో చెప్పక్కర్లేదు. కొండ మీద 1882 నాటి ఒంటిగది బడి కూడా చూడదగ్గదే.

ఏ ట్రైల్ ఎంచుకోవాలి?

బైసన్లను చూడాలంటే సీనిక్ ఓవర్‌లుక్ ట్రైల్. పోను 3.2 మైళ్లు, రాను 3.2 మైళ్లు. ఇది విండ్‌మిల్ పాశ్చర్ మీదుగా, అంటే బైసన్లు మేసే బీడులోంచే పోతుంది. మొత్తం నడవలేకపోతే సగంలో తిరిగి వచ్చినా నష్టం లేదు. గడ్డీ ఆకాశమూ తప్ప ఇంకేమీ కనిపించని చోటు దాకా వెళితే చాలు.

చిన్న పిల్లలుంటే సౌత్‌విండ్ ట్రైల్. సుమారు 1.75 మైళ్లు, పాత బడి దాకా వెళ్లొచ్చు. చదునుగా ఉండాలంటే ఫాక్స్ క్రీక్ పక్కన బాటమ్‌ల్యాండ్ ట్రైల్. అక్కడ ఇంకో సంగతి గమనించండి. వాగు పక్కన మట్టి లోతు కాబట్టి ఆ నేలను ఒకప్పుడు దున్నారు. ఇప్పుడు మళ్లీ దేశవాళీ గింజలు చల్లి ప్రెయిరీని నిలబెడుతున్నారు. కొండ మీది పాత ప్రెయిరీనీ, వాగు పక్కన తిరిగి పెంచిన ప్రెయిరీనీ ఒకే రోజు చూస్తే తేడా తెలుస్తుంది. దున్నడానికి ఒక్క పూట చాలు, తిరిగి తేవడానికి దశాబ్దాలు చాలవు.

దారిలో గేట్లు వస్తాయి. మూసి ఉన్న గేటు దాటాక మళ్లీ మూయండి, తెరిచి ఉన్నది తెరిచే వదిలేయండి.

ఏ నెలలో వెళితే బాగుంటుంది?

ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని బట్టి.

మార్చి చివర, ఏప్రిల్: నిప్పు పెట్టే కాలం. నేల నల్లగా ఉంటుంది, వారం పది రోజుల్లో కళ్లు చెదిరే పచ్చదనం. ఈ నెలల్లోనే తెల్లవారుజామున ప్రెయిరీ కోడి పుంజులు ఒకచోట చేరి, మెడ పక్కన నారింజ రంగు సంచులు ఉబ్బించి, ఆడవాటి కోసం గుమ్‌మని మోగుతూ ఆడతాయి.

మే, జూన్: పూల కాలం. నారింజ రంగు బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్, నీలి వైల్డ్ ఇండిగో, గులాబీ రంగు కోన్‌ఫ్లవర్. బైసన్ దూడలు అప్పటికి ఎర్రటి రంగులో తల్లుల వెంట తిరుగుతుంటాయి.

జూలై, ఆగస్టు: ఎండ. నీడ ఉండదు. ఉదయం తప్ప వద్దు.

సెప్టెంబరు నెలంతా, అక్టోబరు మొదటి వారాలు: పొడుగు గడ్డి చూడాలంటే ఇదే కాలం. చాలామంది జూన్‌లో వచ్చి 'పొడుగు గడ్డి అన్నారు, మోకాలి ఎత్తే ఉందే' అని నిరాశ పడతారు. ఈ గడ్డి ఎదిగేదే వేసవిలో, కంకి వేసేది వేసవి చివర. సెప్టెంబరులో మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో వైపు పోతూ ఇక్కడ ఆగుతాయి. అక్టోబరుకు లిటిల్ బ్లూస్టెమ్ రాగి రంగుకు తిరుగుతుంది. ఒక్కసారే వెళ్లగలిగితే సెప్టెంబరు చివరి వారం మా ఓటు.

ఆ గడ్డి పేర్లు ఏమిటి? మనకు తెలిసినవేమైనా ఉన్నాయా?

పేర్లు కొత్తవి, కుటుంబం పాతదే. ముఖ్యమైనవి నాలుగు: బిగ్ బ్లూస్టెమ్, లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్‌గ్రాస్, స్విచ్‌గ్రాస్. మొదటి మూడూ వృక్షశాస్త్రంలో ఏ తెగకు చెందుతాయో జొన్న, మొక్కజొన్న, చెరకు, వట్టివేరు, నిమ్మగడ్డి కూడా ఆ తెగవే. ఇండియన్‌గ్రాస్ శాస్త్రీయ నామం సార్గాస్ట్రం, అంటే జొన్నను పోలినది అని అర్థం. దాని కంకిని చేతిలోకి తీసుకుంటే జొన్న చేను గుర్తు రావడం యాదృచ్ఛికం కాదు. స్విచ్‌గ్రాస్ పానికం జాతి. మన వరిగలూ సామలూ అదే జాతి.

గుర్తుపట్టడం ఇలా: బిగ్ బ్లూస్టెమ్ కంకి చివర మూడు పాయలుగా చీలి కోడి పాదంలా ఉంటుంది. ఇండియన్‌గ్రాస్ కంకి ఒకే బంగారు రంగు కుచ్చు. స్విచ్‌గ్రాస్ కంకి వరిగ కంకిలా విడివిడిగా విచ్చుకుని, చేత్తో తడిమితే గింజలు గుండ్రంగా తగులుతాయి. లిటిల్ బ్లూస్టెమ్ నడుము ఎత్తు కూడా దాటదు, తెల్లటి నూగు గింజలు కాండం వెంట వరసగా ఉంటాయి.

బైసన్ అంటే అడవిదున్నేనా?

కాదు. మన పాపికొండల్లో ఉండే అడవిదున్న వేరే జంతువు. దాన్ని 'ఇండియన్ బైసన్' అనడం అలవాటైపోయింది గానీ అది బైసన్ కాదు. అమెరికన్లు బైసన్‌ను బఫెలో అంటారు, అదీ సరికాదు. గేదెకు దీనికి దగ్గరి చుట్టరికం లేదు, ఆవుకే దగ్గర.

2009లో దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ నేషనల్ పార్క్ నుంచి 13 బైసన్లను ఇక్కడికి తెచ్చారు. ఆ మంద ఇప్పుడు బాగా పెరిగింది. ఇవి ప్రధానంగా గడ్డినే మేస్తాయి, పూల మొక్కలను వదిలేస్తాయి. గడ్డి పలచబడితే పూల మొక్కలకు వెలుతురు అందుతుంది. ఇక్కడికి ఉత్తరాన, కాన్సస్‌లోనే ఉన్న మన్‌హాటన్ ఊరి దగ్గర కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ నడిపే కోంజా ప్రెయిరీ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ సుమారు మూడు దశాబ్దాలు లెక్కలు తీస్తే, బైసన్ మేసిన చోట దేశవాళీ మొక్కల రకాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఇవి నేల మీద పొర్లి చేసే గుంతల్లో వాన నీరు నిలుస్తుంది, అందులో కప్పలు గుడ్లు పెడతాయి.

వాటికి ఎంత దూరంలో ఉండాలి?

కనీసం 100 గజాలు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడండి. బైసన్ వేలి వెనక పూర్తిగా దాక్కుంటే దూరం సరిపోయింది. వేలికి అటూ ఇటూ కనిపిస్తే మీరు దగ్గరగా ఉన్నారు.

ఎద్దు బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 35 మైళ్లు పరుగెత్తుతుంది. నెమ్మదిగా మేస్తోందని దాని స్వభావాన్ని అంచనా వేయకండి. తోక పైకి లేస్తే, తల ఊపుతూ కాలితో నేల గీరితే వెంటనే వెనక్కి తగ్గాలి. ట్రైల్ మీద అడ్డంగా పడుకుంటే చుట్టూ దూరంగా తిరిగి వెళ్లండి, లేదా వెనక్కి రండి. అదిలించడం, చప్పట్లు కొట్టడం మన ఊళ్లో గేదెలకు పనిచేస్తుంది, ఇక్కడ పనిచేయదు. దూడలు పుట్టే ఏప్రిల్, మే నెలల్లోనూ, ఎద్దులు పోట్లాడుకునే జూలై, ఆగస్టుల్లోనూ మరీ జాగ్రత్త.

గడ్డికి వాళ్లే నిప్పు పెడతారట. ఇదేం రక్షణ?

నిప్పు లేకపోతే ఈ ప్రెయిరీ లేదు. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 830 మిల్లీమీటర్లు, ఇంచుమించు హైదరాబాద్‌లో కురిసినంత. చెట్లు పెరగడానికి ఆ వాన చాలు. ఇరవై ముప్పై ఏళ్లు నిప్పు ఆపితే ఈస్టర్న్ రెడ్‌సీడర్ అనే చెట్టు కమ్ముకుంటుంది. మన బీళ్లను సర్కారు తుమ్మ ఎలా మింగుతుందో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకటే తేడా, రెడ్‌సీడర్ ఇక్కడి దేశవాళీ చెట్టే. నిప్పు లేకపోవడమే దానికి దారి తీసింది.

గడ్డి ఎందుకు చావదంటే, వసంతానికి ముందు దాని మొగ్గలు మట్టి లోపలే ఉంటాయి. మంట గడ్డి మీదుగా నిమిషాల్లో దాటిపోతుంది, మట్టిలో రెండు సెంటీమీటర్ల లోతుకు వేడి తగలదు. రెడ్‌సీడర్ మొగ్గలు కొమ్మల చివర ఉంటాయి, అది మాడితే మళ్లీ చిగురించదు. కాలిన తర్వాత నల్లటి నేల ఎండకు త్వరగా వేడెక్కుతుంది, వెలుతురు నేల దాకా పడుతుంది, కొత్త గడ్డి పైకొస్తుంది.

చేసే పద్ధతి ఇది. గాలి గంటకు 5 నుంచి 15 మైళ్లు, దిశ నిలకడగా, గాలిలో తేమ 40 నుంచి 70 శాతం ఉన్న రోజు ఎంచుకుంటారు. ముందు గాలి పోయే వైపు అంచున నిప్పు పెడతారు. అది గాలికి ఎదురు నడుస్తూ మెల్లగా కాలి ఒక వెడల్పాటి నల్ల పట్టీ ఏర్పడుతుంది. పక్కలు కూడా అలాగే కాల్చి, చివరికి గాలి వచ్చే వైపు అంటిస్తారు. మంట గాలితో దూసుకొచ్చి నల్ల పట్టీ దగ్గర తిండి దొరకక ఆరిపోతుంది. తప్పు జరిగేది ఎక్కడంటే, మధ్యలో గాలి మళ్లినప్పుడు, తేమ పడిపోయినప్పుడు, అంచున ఉన్న రెడ్‌సీడర్ కాగడాలా భగ్గుమని నిప్పురవ్వలు గీత దాటించినప్పుడు.

ప్రతి ఏడాదీ మొత్తం కాల్చేయడమూ మంచిది కాదు. ప్రెయిరీ కోడి గూడు పెట్టడానికి పాత గడ్డి దుబ్బు కావాలి. అందుకే బీడును మూడు ముక్కలు చేసి ఏడాదికో ముక్క కాల్చే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. పశువులు లేత గడ్డి కోసం కాలిన ముక్కకే పోతాయి, మిగతా రెండూ ఊపిరి పీల్చుకుంటాయి.

వరి కొయ్యకాళ్లు తగలబెట్టడంతో దీన్ని పోల్చకండి. అక్కడ చేనుకు నిప్పు అవసరం లేదు, మనిషికి తొందర ఉంది. పొగ బాధ మాత్రం ఇక్కడా నిజమే. ఏప్రిల్‌లో ఆ పొగ కాన్సస్ సిటీ దాకా పోయి గాలిని పాడుచేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ నెల మానుకోండి. రోడ్డు మీద పొగ కమ్మితే హెడ్‌లైట్లు వేసి నెమ్మదిగా పోండి, రోడ్డు మధ్యలో ఆపకండి.

ఇంత ఖాళీ నేల ఉంది కదా, చెట్లు నాటవచ్చుగా?

నేల ఖాళీగా లేదు. ఈ గడ్డి పీల్చిన కర్బనం ఎక్కువగా మట్టిలో, వేళ్లలో నిలవ ఉంటుంది. చెట్టు కాలితే దాని కర్బనం గాల్లో కలుస్తుంది, గడ్డి కాలితే అసలు మూలధనం కిందే భద్రం. చెట్టు వచ్చిన చోట నీడకు గడ్డి చస్తుంది, గడ్డిలో గూడు పెట్టే పక్షి పోతుంది. ప్రెయిరీ కోడి అయితే, గద్దలు వాలే ఎత్తైన చెట్లున్న చోట గూడే పెట్టదు.

పాములు, పురుగులు, సుడిగాలులు?

పాముల కన్నా పిడుదులతోనే ఎక్కువ బాధ. మే నుంచి సెప్టెంబరు దాకా పొడుగు ప్యాంటు, దాని అంచులు సాక్సులోకి దోపుకోండి. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందు రోజే కొట్టి ఆరబెట్టండి, ఒంటికి పూయకూడదు. ఒంటికి 20 నుంచి 30 శాతం డీట్ (పురుగులను దగ్గరికి రానివ్వని రసాయనం) ఉన్న మందు. తిరిగొచ్చాక చంకలు, మోకాలి వెనక, నడుము, జుట్టు మొదళ్లు వెతకండి. పిడుదు కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నేరుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, నూనె పోయడం వద్దు, అది ఇంకా లోపలికి కక్కుతుంది. తర్వాత జ్వరం, దద్దుర్లు వస్తే పిడుదు సంగతి డాక్టరుకు చెప్పండి.

చిగ్గర్లు కంటికి ఆనని ఎర్రటి పురుగులు. నడుము పట్టీ, సాక్సు అంచు దగ్గర కుట్టి వారం పాటు దురద పెడతాయి. గడ్డిలో కూర్చోకపోవడం, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయడమే మందు. మూడేసి ఆకుల మొక్కను ముట్టకండి, అది పాయిజన్ ఐవీ.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా టోర్నడోల కాలం. బయలుదేరే ముందు వాతావరణం చూసుకోండి. కొండ మీద నిలబడితే చుట్టుపక్కల ఎత్తైన వస్తువు మీరే, కాబట్టి ఉరుము వినిపించగానే దిగిపోవాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

నిరభ్యంతరంగా. విజిటర్ సెంటర్‌లో చక్రాల కుర్చీ తిరుగుతుంది. కొట్టం, రాతి గోడలు, పశువులు, ఇవన్నీ వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్లకు మనకన్నా ఎక్కువ నచ్చుతాయి. చీర కుచ్చిళ్లకు గడ్డి గింజలు పట్టుకుంటాయి, చెప్పుల్లో చెకుముకి ముక్కలు గుచ్చుకుంటాయి. ఆ రోజుకు బూట్లు వేయించండి. గాలి బలంగా ఉంటుంది, టోపీకి తాడు ఉండాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తగ్గకూడదు, ట్రైల్ మీద తాగునీరు దొరకదు.

పిల్లలకు విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి. అందులో పనులు పూర్తిచేస్తే ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు.

భోజనం?

లోపల హోటల్ లేదు. రెండు మైళ్లలో స్ట్రాంగ్ సిటీ, దాన్ని ఆనుకునే కాటన్‌వుడ్ ఫాల్స్ ఉన్నాయి గానీ శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకదు. పులిహోర కట్టుకెళ్లడమే మేలు. ఎండలో పెరుగన్నం పులిసిపోతుంది, ఐస్ పెట్టె ఉంటేనే తీసుకెళ్లండి.

డ్రోన్, కుక్క, పూలు కోయడం?

డ్రోన్ నిషేధం. కుక్కను తాడుతో సౌత్‌విండ్, బాటమ్‌ల్యాండ్, ఫాక్స్ క్రీక్ ట్రైల్స్ మీదికి తీసుకెళ్లవచ్చు, బైసన్ల బీడులోకి కుదరదు. పూలు, గింజలు, రాళ్లు ఏవీ తీయకూడదు, బతుకమ్మకైనా సరే. సెప్టెంబరులో పసుపు పూలు విరగబూసి ఉంటాయి కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

మా పెరట్లో చిన్న ప్రెయిరీ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. 100 చదరపు అడుగులతో మొదలుపెట్టండి. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. ముందు హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు, ఊరి గడ్డి ఎత్తు నియమాలు చదవండి.

మొదటి పని పాత లాన్‌ను చంపడం, తొందరపడి చెడగొట్టుకునేది ఇక్కడే. జూలై, ఆగస్టుల్లో గడ్డిని నేలకు కోసి, తడిపి, పారదర్శక ప్లాస్టిక్ పరిచి అంచులు మట్టిలో పూడ్చండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలి. బెర్ముడా గడ్డి మొండిది, రెండోసారి కూడా చేయాల్సి రావచ్చు. తర్వాత నేలను తవ్వకండి, తవ్వితే లోపల నిద్రపోతున్న కలుపు గింజలన్నీ పైకొస్తాయి. ఎరువు వేయకండి, ఎరువు కలుపుకే లాభం.

విత్తేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు. ఈ గింజల్లో చాలావాటికి చలి, తడి తగిలితేగానీ మొలక రాదు. ఏప్రిల్‌లో చల్లి 'మొలవలేదు' అనేవాళ్లు చేసిన తప్పు అదే. చదరపు అడుగుకు 50 గింజల లెక్క, అంటే మొత్తానికి 10 నుంచి 20 గ్రాములు. తడి ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. కాలితో తొక్కి అదమండి, పావు అంగుళం కన్నా లోతుకు పూడ్చకండి. చిన్న పెరటికి బిగ్ బ్లూస్టెమ్ వద్దు, అది పూల మొక్కలను కమ్మేస్తుంది. లిటిల్ బ్లూస్టెమ్, సైడ్‌ఓట్స్ గ్రామా చాలు, గింజల్లో సగానికి పైగా పూలవే ఉండాలి. మీ ప్రాంతంలో సేకరించిన గింజలే కొనండి.

మొదటి ఏడాది పైన కలుపు తప్ప ఏమీ కనిపించదు. మొక్క తన బలమంతా వేళ్లకే పెడుతోంది. కలుపు అడుగు ఎత్తు దాటినప్పుడల్లా ఆరంగుళాల ఎత్తులో కోయండి, పీకకండి, పీకితే పక్కన ఉన్న లేత మొక్క కూడా వస్తుంది. మూడో ఏడాదికి పూలు. ఊళ్లో నిప్పు పెట్టే వీలుండదు కాబట్టి ఏటా ఫిబ్రవరి చివర ఎండు దంటు కోసి బయట పడేయండి.

మన తెలుగు నేలలో ఇలాంటి గడ్డి భూములు ఉన్నాయా?

ఉన్నాయి, మనం వాటిని బీడు, బంజరు, పోరంబోకు అని పిలుస్తాం. నంద్యాల జిల్లాలో నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం అలాంటిదే. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటు చేశారు, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కృష్ణ జింకలు ఉన్నాయి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు రాత్రిళ్లు ఆ గడ్డిలోనే గుంపులుగా పడుకుంటాయి. బట్టమేక మాత్రం అక్కడ కనిపించడం గగనమైపోయింది. అది నేల మీదే, సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది. చుట్టూ మెట్ట జొన్న చేలు తగ్గి, కాలవ నీళ్లు, కరెంటు తీగలు వచ్చిన చోట అది బతకలేదు.

కాన్సస్ చూసి వచ్చినవాళ్లు ఊరెళ్లినప్పుడు డిసెంబరు, జనవరిల్లో రోళ్లపాడు ఒకసారి చూడండి. అటవీ శాఖ అనుమతి ముందుగా అడిగి, తెల్లవారకముందే చేరుకోవాలి.

ఇక్కడి గింజలు ఊరికి తీసుకెళ్లి నాటవచ్చా?

వద్దు. అనుమతి లేకుండా విత్తనాలు దేశం దాటించడం ఇటూ అటూ చట్టవిరుద్ధం. ఆసియా నుంచి మేత కోసం తెచ్చిన ఓల్డ్ వరల్డ్ బ్లూస్టెమ్ అనే గడ్డి, సెరీషియా లెస్పెడీజా అనే మొక్క ఇప్పుడు ఫ్లింట్ హిల్స్‌లో దేశవాళీ గడ్డిని తొక్కేస్తున్నాయి. సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి మన దగ్గరికి వచ్చింది. ప్రిజర్వ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు బూట్ల అడుగునా, సాక్సులకూ అంటుకున్న గింజలను పార్కింగ్ దగ్గరే దులుపుకోండి. ఇంకో గడ్డి భూమికి వెళ్లబోయే ముందు బూట్లను బ్రష్‌తో మరోసారి రుద్దండి.